వర్తకమున కొసరు



నేటి వాణిజ్యమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. నేను ఇరువదిరెండేండ్లుగా మార్కెటింగు అనబడు విక్రయశాఖయందు పని చేయుచున్నవాడను. మా యింటిలో మాత్రము నన్ను నేటికిని బిస్కత్తులవాడనియే పిలుతురు. కావున పెద్ద సిద్ధాంతముల జోలికి పోక, నేనెరిగిన అయిదురూపాయల పొట్లమును గూర్చియే మాటలాడెదను.

మన పెద్దలు అంగడిలో తూచి అమ్మిన దినములలో కొసరు అనునది యొకటి యుండెను. త్రాసుముల్లు సరిగా నిలిచిన పిమ్మట చారెడు పప్పో, చిటికెడు పంచదారయో పైన వేయువారు. వేయనిదే కొనువారు కదలెడివారు కారు. అది దానము కాదు. మరల రమ్మను పిలుపు. 1893లో బొంబాయియందు అమృతాంజనమును స్థాపించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు సంగీతసభలలో ఆ మందును ఉచితముగ పంచిపెట్టించిరి. అట్టి పనికి మేము నేడు శాంపిలు అని పేరు పెట్టి లెక్కలు కట్టుచున్నాము. నా దృష్టికి అదియు కొసరే; కొనకమునుపే యిచ్చిన కొసరు.

పొట్లము వచ్చినది, కొసరు పోయినది. మూసి అతికించినదానిపై నేమి వేయగలము? అందులకు నేను విలపించువాడను గాను. విడిసరకులో రాళ్లు, పుల్లలు ఏరుకొనుచు మన తల్లులు పడిన శ్రమను నేనెరుగుదును. నేను చెప్పదలచినది అటుపిమ్మట జరిగిన కథ.

2022లో ఉక్రెయిను యుద్ధము వలన గోధుమలు, నూనెలు ప్రియమైనవి. ఏప్రిలు చివర ఇండొనేషియావారు పామాయిలు ఎగుమతిని నిలిపి, మే నెల చివరివారముగాని మరల విడువరైరి. మా సంస్థలో ఆలోచనసభ కూడినది. ధర పెంచుటయా, తూకము తగ్గించుటయా? తూకమే తగ్గింతమని వాదించినవాడను నేను. పావలా 2011లోనే చెల్లకపోయెననియు, అర్ధరూపాయి చట్టమున నున్నను అంగడిలో కానరాదనియు, కావున అయిదున్నర యనుట పొసగదనియు చెప్పితిని. అందరు నౌననిరి. క్రొత్త తూకమును చట్టప్రకారమే ముద్రించితిమి. అమ్మకము తగ్గలేదు. నాకు మెప్పు కలిగినది.

నా వాదము సగమే నిజము. 2016 నుండి యూపీఐ యున్నది. పల్లెలోని టీ బడ్డీయందును చతురపు గళ్ల బొమ్మ అతికించియున్నది; ఫోనుతో అయిదున్నర చెల్లించుటకు నాణెముతో పనియే లేదు. అసలు కారణము వేరు. కొనువారు ధరను జ్ఞాపకముంచుకొందురు, తూకమును ఉంచుకొనరు. ఈ రహస్యముమీదనే మా జీతములు నడచుచున్నవి.

ఆ యేటి దసరాకు మా పెదతండ్రిగారి కిరాణా అంగడిలో కూర్చుండియుంటిని. కూలిపని నుండి తిరిగివచ్చు నొక యామె, బిడ్డను చంకనిడుకొని, మా పొట్లమునే తీసికొని అరచేత నాడించి చూచి, "బాబాయిగారూ, ఇది తేలిగ్గా ఉందేమండీ?" అనెను. ఏండ్ల తరబడి ఆయన యంగడిలో కొనుచున్న మనిషి. ఆయన ముఖము చిన్నబోయెను. నావైపు తిరిగి, "ఏరా, మీవాళ్లు తగ్గించారా?" అని యడిగిరి. తూకము దానిమీదనే ముద్రించియున్నదంటిని. "అద్దాలు పెట్టుకుని చదువుకునే వాళ్లా నా దగ్గర కొనేది?" అనిరి. తగ్గింపుమని చెప్పినవాడను నేనేయని అప్పుడు చెప్పలేకపోతిని. ఆయన సీసా మూత తీసి, రెండు పిప్పరమెంటు బిళ్లలు బిడ్డ చేతిలో పెట్టిరి.

సోదరులారా, చట్టమును తప్పనివాడు మోసగాడు గాడని నన్ను నేను సమాధానపరచుకొని చూచితిని. కుదరలేదు. యంత్రము నాకు ఏ యూర ఎన్ని పొట్లములమ్మినవో గంట గంటకు చెప్పును. ఆ చేయి పొట్లము నాడించిన సంగతి చెప్పదు. మాట పడువాడు ఎదుట కూర్చున్న అంగడివాడు.

ఫ్రాన్సుదేశమున 2024 జూలై 1 నుండి, తూకము తగ్గించియు ధర తగ్గింపని సరకు లుండెనేని పెద్ద అంగళ్లవారు ఆ సంగతిని రెండు మాసములు ప్రకటించి యుంచవలెనని నిబంధన చేసిరి. మనకు అట్టి శాసనము వచ్చువరకు వేచియుండనేల? ఈ సభలో పిండిమరలు, నూనెమిల్లులు, తినుబండారముల కర్మాగారములు గలవారు పలువురున్నారు. తగ్గింపక తప్పనిచో తగ్గింపుడు. రెండు నెలలపాటు పాత తూకమును క్రొత్త తూకము ప్రక్కనే పెద్ద తెలుగు అక్షరములతో వేయుడు. మా సంస్థలో ఈ మాట రెండుమార్లెత్తితిని. పోటీవారు చేయనిది మనకేల యని త్రోసిపుచ్చిరి. సొంత మిల్లు గలవారికి ఆ యడ్డంకి లేదు గనుకనే మిమ్ము యాచించుచున్నాను.

మా పెదతండ్రిగారు నిరుడు గతించిరి. నిజము వారికి చెప్పుకొనలేదు. వారి చిట్టాలు తిరుగవేయుచుండగా ఆ దినపు పుట కనబడినది. "పిప్పరమెంటు బిళ్లలు రెండు, కొసరు" అని వ్రాసికొనిరి. ఎదుట అంకె వేయలేదు.