సర్వరు గదికి ఎంత చల్లదనము కావలెను?

కంప్యూటరు సర్వర్లుంచిన గదిలోనికి పోవువారు శాలువ కప్పుకొని పోవలసినంత చలి యుండవలెనని చాలకాలము ఒక నమ్మకముండెను. చల్లదనము హెచ్చినకొలది యంత్రము క్షేమమని వారి తలంపు. అందు నిజము కొంతయే. కరెంటు బిల్లు మాత్రము పూర్తిగా నిజము.

సర్వరు తీసికొను విద్యుచ్ఛక్తి దాదాపు అంతయు తుదకు వేడిమిగా మారును. 10 కిలోవాట్లు వాడు సర్వర్ల బీరువా ఒకటి, కిలోవాటు చొప్పున పది విద్యుత్ పొయ్యిలు రాత్రింబవళ్లు వెలిగినంత వేడిని గదిలోనికి వదలును. దానిని ఎప్పటికప్పుడు బయటకు చేర్చుటయే అసలు పని.

ఆష్రే అను అమెరికా ఇంజనీర్ల సంఘము 2004లో 20 నుండి 25 డిగ్రీలు తగునని చెప్పి, 2008లో ఆ హద్దులను 18 నుండి 27 డిగ్రీలకు పెంచెను. 2011లో యంత్రములను తరగతులుగా విభజించి, సామాన్య సర్వర్లు చేరు ఏ2 తరగతికి 10 నుండి 35 డిగ్రీల వరకు అనుమతించెను. సలహా వేరు, అనుమతి వేరు. 35 డిగ్రీలు అప్పుడప్పుడు ఓర్చుకొనదగిన హద్దు, అంతే.

ఈ అంకెలన్నియు యంత్రము పీల్చుకొను గాలికి సంబంధించినవి. మనవారు ఉష్ణమాపకమును తలుపు ప్రక్క గోడకు తగిలించి తృప్తిపడుదురు. బీరువా వెనుకనుండి వెడలిన వేడిగాలి పైనుండి మరలి ముందుకు వచ్చినచో, గోడమీద 22 చూపుచున్నను పై వరుస సర్వరు 32 డిగ్రీల గాలిని పీల్చుచుండవచ్చును. అందుచే బీరువాలను ముఖమునకు ముఖము, వెన్నునకు వెన్ను ఎదురుగా నిలిపి, చల్లని సందును వేడి సందును వేరుచేయుదురు. ఖాళీ అరలను రేకులతో మూయుదురు. చిల్లరపనివలె తోచును గాని, కొత్త ఏసీ కొనుటకు ముందు చేయవలసినది ఇదియే.

లోపల ఎంత సరిచేసినను, వేడిని తుదకు బయటి గాలిలోనికే పారవేయవలెను. 2022 జూలై 19న ఇంగ్లాండులోని కానింగ్స్‌బీలో 40.3 డిగ్రీల ఎండ కాసెను. ఆ దేశములో అంతకుముందెన్నడును అంత వేడి నమోదు కాలేదు. ఆనాడే లండనులో గైస్, సెయింట్ థామస్ ఆసుపత్రుల కంప్యూటరు కేంద్రములు రెండును చల్లదనము చాలక ఆగిపోయెను. వైద్యులు రోగుల వివరములను తెరమీద చూడలేక కాగితములను ఆశ్రయించిరి. అంతయు తిరిగి నెలకొనుటకు వారములు పట్టెను.

మనకు 40 డిగ్రీలు వార్తయే కాదు. రెంటచింతల, రామగుండము వంటి చోట్ల కొన్ని వేసవులలో 45 కూడ దాటును. ఎండకు కాగిన డాబాపై ఏసీ బయటి పెట్టె చుట్టునుండు గాలి ఇంకను వేడి. రెండవ ఏసీ ఉన్నది గదా యందురు. అవి రెండును ఒకే కరెంటు లైనుపై నున్నచో, లైను పోయినప్పుడు రెండును ఆగును. సర్వర్లు మాత్రము బ్యాటరీలపై నడుచుచు వేడిని వదలుచునే యుండును. క్రిక్కిరిసిన చిన్నగది కొలది నిమిషములలోనే హద్దు దాటవచ్చును. అప్పుడు ఏ సర్వరును ముందు ఆపవలెనో, దేనిని చివరివరకు నిలుపవలెనో నేడే నిర్ణయించి, కాగితముపై వ్రాసి తలుపునకు అంటించుడు. ఆ పట్టికను సర్వరులోనే దాచియుంచిన ప్రయోజనము లేదు.