నరముల జబ్బు – నోరు విప్పని దుఃఖము
(హోసూరు తెలుగువారి సమావేశమున ఒక వర్తకుడు చేసిన ప్రసంగ పాఠము)



నేను వర్తకుడను, వైద్యుడను కాను. మెట్రిక్యులేషనుతో నా చదువు ముగిసినది. అయినను మన కుటుంబములలో పైకి చెప్పుకొనని ఒక విషయమును గూర్చి ఎవరో ఒకరు మాటలాడవలయునని తోచి, వైద్యుల నడిగియు, పుస్తకములు చూచియు తెలిసికొన్నంత మేరకు మీ యెదుట ఉంచుచున్నాను.

మల్టిపుల్ స్క్లెరోసిస్ అను వ్యాధి కలదు. క్లుప్తముగా ఎం.ఎస్. అందురు. 1868లో ఫ్రాన్సు దేశపు వైద్యుడు షార్కో దీనిని వివరముగా వర్ణించెను. మెదడులోను వెన్నుపాములోను గల నరముల పోగులపై, కరెంటు తీగెపై తొడుగువలె, మైలిన్ అను పొర యుండును. దేహమును కాపాడవలసిన రక్షణశక్తియే ఆ పొరపై దాడి చేయును. అంతట ఒకరికి చూపు మసకబారును, మరియొకరికి కాలు తిమ్మిరెక్కి నడక తూలును, వేరొకరికి మూత్రము ఆగదు. ఎండకాలమున ఈ బాధలు హెచ్చును. ఇది తరచుగా 20, 40 ఏండ్ల నడుమ, సంసార భారము మోయు వయస్సున, పురుషులకంటె స్త్రీలకు ఎక్కువగా వచ్చును. అంటువ్యాధి కాదు, ఎవరి పాపఫలమును కాదు. పూర్తిగా నయము చేయు మందు లేదు గాని, వ్యాధి ఉధృతిని తగ్గించు మందులు 1993 నుండి ఒక్కొక్కటిగా వచ్చినవి.

కాలు ఈడ్చుట అందరికి కనబడును. మనస్సు క్రుంగుట కనబడదు. ఈ రోగులలో సుమారు సగము మందికి జీవితములో ఎప్పుడో ఒకప్పుడు తీవ్రమైన కుంగుబాటు కలుగునని వైద్యులు చెప్పుచున్నారు. ఆత్మహత్య ప్రమాదము ఇతరులలోకంటె వీరిలో దాదాపు రెట్టింపు. 2002లో కెనడా వైద్యుడు ఫైన్‌స్టైన్ 140 మంది రోగులను పరీక్షించి ప్రకటించిన లెక్క నన్ను కలవరపెట్టినది. వారిలో 40 మంది ఏదో ఒక సమయమున ప్రాణము తీసికొనవలెనని తలచినవారే. ఆ 40 మందిలో మూడవ వంతు మందికి మనస్సుకు సంబంధించిన సహాయ మేమియు అందలేదు. సంపన్న దేశముననే స్థితి యిట్లుండగా, మన మాట చెప్పవలెనా!

“ఇంత జబ్బు వచ్చిన తరువాత దిగులు సహజమే గదా” అని మనము సరిపెట్టుకొందుము. నేను ఒప్పుకొనని మాట ఇదియే. ఆ దిగులు పోగొట్టుకొన్న శక్తిని తలచుకొనుట వలన మాత్రమే రాదు. మెదడులో వ్యాధి సోకిన తావుల వలన గూడ వచ్చును. స్టెరాయిడ్ మందు లిచ్చునపుడు మనస్సు తారుమారు కావచ్చును. అట్లని వైద్యునితో చెప్పక మందు మానరాదు. అలసట, నిద్రలేమి, ఏకాగ్రత లేకుండుట రెండు జబ్బులకును లక్షణములే గనుక, రెండవది మొదటిదాని చాటున దాగియుండును. కాని దానికి చికిత్స కలదు. మందులును కలవు, మాటలతో చేయు వైద్యమును కలదు. కాలి బలము రాకున్నను బ్రతుకుపై ఆశ తిరిగి రాగలదు.

రోగి తన బ్రతుకునకు తానే చిట్టా వ్రాయును. మందుల ఖర్చు ఇంత, ప్రయాణములు ఇన్ని, భార్య పడు శ్రమ ఇంత. జమ వైపున ఒక్క అక్షరము వ్రాయడు. చివరకు “నేను లేకుంటే వీళ్లు సుఖపడతారు” అని తేల్చును. లెక్కలు చూచి చూచి నెరసినవాడను, ఆ లెక్క తప్పని చెప్పగలను. కాని రోగితో వాదించి లాభము లేదు, వ్రాయించుచున్నది కుంగుబాటు.

మనకు మరియొక చిక్కు కలదు. ఇంట తెలుగు, బడిలో తమిళము, పెద్ద వైద్యమునకు బెంగళూరు పోయిన కన్నడము, ఇంగ్లీషు. చేయి తిమ్మిరిగా నున్నదని ఏ భాషలోనైనను చెప్పవచ్చును. “లోపల ఏదో గుబులుగా ఉంది, బ్రతకాలని లేదు” అను మాట అరువు భాషలో రాదు. దుబాసీగా తండ్రియో భర్తయో ప్రక్కన కూర్చున్నచో అసలే రాదు. కనుక రోగిని కొంతసేపు వైద్యునితో ఒంటరిగా మాటలాడనీయుడు. తెలుగు తెలిసిన వైద్యుడు గాని నర్సు గాని కలరేమో అడుగుడు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వము నెలకొల్పిన టెలి-మానస్ కలదు. 14416 సంఖ్యకు రాత్రియైనను పగలైనను ఉచితముగా ఫోను చేసి, తెలుగులోనే మాటలాడవచ్చును.

నాకు తెలిసిన ఒక యింట మరిది అన్నము మాని గోడవైపు తిరిగి పరుండెడివాడు. వదినగారు ప్రక్కన కూర్చుండి, “చచ్చిపోవాలని అనిపిస్తోందా అబ్బాయీ? నాతో చెప్పు” అని సూటిగా అడిగిరి. అతడు చాలసేపు ఏడ్చి, “మూడు నెలల నుంచీ, వదినా” అనెను. మరునాడే మానసిక వైద్యునికి చూపించిరి. నేడతడు కుర్చీలో కూర్చుండి ఒక కొట్టు లెక్కలు చూచుచున్నాడు. కఱ్ఱ మాత్రము విడువలేదు. అడిగిన లేని తలంపు పుట్టునని కొందరి భయము. అది నిజము కాదు. అడుగుట వలన గుండె బరువు దిగును.

పోలీసుల భయము కొందరిని ఆపుచున్నది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, ప్రాణము తీసికొన యత్నించినవారు తీవ్రమైన ఒత్తిడిలో నున్నారనియే భావించి, వారిని శిక్షింపరాదని చెప్పుచున్నది. పాత 309వ సెక్షనుకు 2024 జూలై 1న అమలునకు వచ్చిన భారతీయ న్యాయ సంహితలో చోటు లేదు. ఇక సంబంధములు చెడునను భయము. జబ్బు దాచి చేసిన పెండ్లి తెలిసిన నాడు ఆ పిల్లకే శిక్ష యగుచున్నది. ఈ విషయమున మన పెద్దలు ఆలోచింపవలెను. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టములో ఎం.ఎస్. కూడ చేరినది, 40 శాతము వైకల్యముండి ధ్రువపత్రము పొందినవారికి సౌకర్యములు కలవు. దరఖాస్తు వ్రాయుటకు ఆదివారము ఉదయము నా కొట్టునకు రండు.

చివరగా ఒక్క మాట. ఎవరైనను నేడే, ఈ రాత్రియే అట్టి మాట అన్నచో తెల్లవారువరకు వేచియుండరాదు. వారిని ఒంటరిగా విడువక, ప్రమాదకరమైన వస్తువులు అందకుండ చూచి, వెంటనే దగ్గరి ఆసుపత్రికి తీసికొనిపోవలయును. ఫోను సంఖ్య వ్రాసిన కాగితములు తలుపు దగ్గర ఉంచితిమి. ఇంటికొకటి తీసికొనిపోవలసినదిగా ప్రార్థించుచు సెలవు తీసికొనుచున్నాను.