మాయలేడి – వేటగాని గెలుపు



భద్రాచలమునకు సుమారు 35 కిలోమీటర్ల దూరమున, దుమ్ముగూడెము మండలములో, గోదావరీ తీరమున పర్ణశాల కలదు. మాయలేడి సీతమ్మ కంటబడిన చోటు అదియేనని స్థలపురాణము. పంచవటి నాసిక్ చెంత నున్నదని నమ్మువారును గలరు. ఆ వాదము నేటి మన ప్రసంగమునకు అక్కరలేదు. ఈ అడవి అంచున రామకథ చెప్పునపుడు మమ్ము పలువురు అడుగు ప్రశ్న యొకటి కలదు. "రాముని బాణము గురి తప్పలేదు, లేడి కూలినది. ఐనను ఆ దినముననే సీతమ్మ దూరమైనది. అట్టి వేటను గెలుపందుమా, ఓటమి యందుమా?" దీనికి బదులు చెప్పవలెనన్నచో, ముందుగా వేటగాని గెలుపు దేనియందున్నదో తెలియవలెను.

ఈ ప్రాంతమున కోయలకు అడవి తెలిసినట్లు మనబోంట్లకు తెలియదు. విత్తులు చల్లుటకు ముందు వేసవిలో వచ్చు భూమి పండుగ దినములలో మగవారు విల్లమ్ములు పట్టి వేటకు పోవుట వారి పూర్వాచారము. ఉత్త చేతులతో మరలి వచ్చినవానిని ఆడువారు ఎగతాళి చేయుదురు.

పూర్వపు వేటగాని విద్యలో బాణము కడపటిది. మొదటిది గాలి. లేడి ముక్కు మిక్కిలి చురుకైనది. మనిషి మీదుగా వీచిన గాలి దానిని చేరినచో ఇక అది అచట నిలువదు. కావున లేడి వైపునుండి వీచు గాలి తన ముఖమునకు తగులునట్లుగా వేటగాడు నడచును. రెండవది నిశ్చలత. కదలక నిలిచినవానిని లేడి చెట్టుమోడుగా నెంచవచ్చును గాని, చేయి కదలినచో క్షణములో పసిగట్టును. పిదప దాని దినచర్య తెలియవలెను. వేకువను, సందెవేళను మేతకు వచ్చును. ఎండలు ముదిరినపుడు వాగులో మిగిలిన మడుగునకు చేరును. ఇప్పపూలు రాలు దినములలో ఆ చెట్ల క్రిందికి వచ్చును. కొండముచ్చులు కొమ్మలపై మేయుచు జారవిడిచిన చిగుళ్ళను, కాయలను దుప్పులు క్రింద చేరి తినును. పులి కనబడినచో పైన కొండముచ్చు అరచును, క్రింద దుప్పి కూయును. ఈ కూతలన్నియు తెలిసినవాడు మా దృష్టిలో చదువుకొన్నవాడే. శాకుంతల నాటకమున దుష్యంతుని సేనాపతియు వేటను ఇట్లే పొగడును: శరీరము తేలికపడుననియు, మృగముల భయక్రోధములు తెలియుననియు, కదలు గురిని కొట్టుట విలుకానికి గొప్పయనియు.

ఇంతవరకు నేర్పు. నేర్పు ఒక్కటే చాలునా? మన పురాణములలో గురి తప్పని బాణములను చూడుడు. దశరథుడు సరయూ తీరమున చీకటిలో కుండ మునుగు చప్పుడు విని, ఏనుగని తలచి, శబ్దమును బట్టి బాణము వదలెను. అది సూటిగా తగిలినది, అంధులైన తల్లిదండ్రుల ఏకైక పుత్రునకు. (మనము శ్రవణకుమారుడని పిలుచుకొను ఆ బాలునకు వాల్మీకి పేరే చెప్పలేదు.) జరుడను బోయ, పవళించిన శ్రీకృష్ణుని లేడి యని భ్రమించి పాదమున కొట్టెను. పాండురాజు క్రీడించుచున్న జింకల జంటను కొట్టెను. ఆ జింక కిందముడను ముని. ముగ్గురిలో నొక్కని గురియు తప్పలేదు, ముగ్గురును పిదప విలపించిరి. మొదటి యిరువురు ఎదుట నున్నదేమో తెలియకముందే నారి వదలిరి. పాండురాజు మాట వేరు. అతడు జింకలను చూచెను గాని, అవి ఏ స్థితిలో నున్నవో తలపోయలేదు. మాకు అతని తప్పే మిక్కిలి బరువుగా తోచును, ఏలయన అది చీకటిలో జరిగినది కాదు.

ఇక పర్ణశాలకు వత్తము. వేటగాండ్ర మాటలలో దీమము అను పదము కలదు. పెంచిన పిట్టనో, జింకనో అడవిలో నిలిపి, దానిని చూచి చేరవచ్చిన తోటి మృగమును పట్టుదురు. ఆ ఎరజంతువే దీమము. మారీచుడు రావణుని దీమము. బంగారు వన్నెతో, వెండి చుక్కలతో ఎదుట మెరసి, పొదలలో మాయమై, మరల దూరమున కనబడుచు, రాముని ఆశ్రమమునుండి బహుదూరము లాగికొనిపోయినది. ఆనాడు ఈ అడవిలో అసలు వేటగాడు రావణుడు. విల్లు పట్టినవాడే వేటకు చిక్కెను.

రాముడు ఆశకు లోబడెనని కొందరందురు. అది మాకు సమ్మతము కాదు. ఆ లేడి మారీచుడేయని లక్ష్మణుడు చెప్పగా, అట్లయినను వాడు వధింపదగినవాడేయని రాముడు పలికెను. సీతకు కావలిగా తమ్ముని నిలిపియే కదలెను. లేడి కూలుచు రాముని గొంతుతో సీతను, లక్ష్మణుని పిలిచినపుడు గాని ఎర సంగతి పూర్తిగా బోధపడలేదు. మా బదులిది: మారీచవధ నెరవేరినది, వేట మాత్రము గెలువలేదు. వేటగాడు మరలి వచ్చునప్పటికి ఇంటివారు క్షేమముగా నుండవలెను గదా! అవతారకార్యమునకు అది దారితీసినదందురా? నిజమే. భార్యను పోగొట్టుకొని చెట్టును పుట్టను అడుగుచు తిరిగిన రామునితో ఆ మాట మనము అనగలమా?

వదలని బాణముల కథలును కలవు. ఆశ్రమ మృగమును చంపవలదని తాపసులు వారింపగా దుష్యంతుడు ఎక్కుపెట్టిన బాణమును దించెను. చక్రవర్తియగు పుత్రుడు కలుగునని వారి దీవెన పొందెను. శివరాత్రి కథలోని బోయ రాత్రియంతయు మారేడు చెట్టుపై మేలుకొనియుండెను. పిల్లలను అప్పగించి వత్తునని మాట యిచ్చి పోయిన లేడి నిజముగనే తిరిగి వచ్చినపుడు వాడు విల్లు దించెను. వాని ఇంట ఆకలి యుండెనని మరువరాదు. మృగశిర చెంత మెరయు పెద్ద చుక్కకు మన పెద్దలు లుబ్ధకుడని పేరు పెట్టిరి. ఆ మాటకు వేటగాడనియు, ఆశగొన్నవాడనియు రెండర్థములు.

ఇప్పుడు ఈ అడవిలో వేట నిషిద్ధము. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చినది. 1977లో కిన్నెరసాని అభయారణ్యము ఏర్పడినది. 635 చదరపు కిలోమీటర్ల ఆ అడవి నాటి ఖమ్మం జిల్లాలోనిది, 2016 నుండి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోనిది. ఐనను ఉచ్చులు పోలేదు. అడవిపందుల బాధకు చేల చుట్టు కరెంటు తీగలు పరచువారు కలరు. పంట పోయిన రైతు దుఃఖము మేమెరుగుదుము. పరిహారము కొరకు అటవీశాఖవారికి దరఖాస్తు పెట్టుకొనవలెను. తీగకు పంది యేదో, చూలి దుప్పి యేదో తెలియదు. తెల్లవారుజామున నీరు పెట్టుటకు వచ్చిన పొరుగు రైతును అది గుర్తింపదు. మన రాష్ట్రమున మనుష్యులే అట్లు మరణించిన సంఘటనలు కలవు. దశరథుడు చప్పుడైనను విని కొట్టెను. తీగకు చెవియును లేదు.

అడవి అంచు పల్లెలనుండి వచ్చినవారు మీలో పెక్కురు కలరు. మీ చేలలో అట్టి తీగ యున్నచో, ఈ రాత్రి ఇల్లు చేరగనే కరెంటు ఆపి, దానిని చుట్టబెట్టి లోపల పెట్టుడు.

శ్రీరామార్పణమస్తు.