బండిలో బరువెక్కడ నుండవలెను?



శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతములలో నాటుబండి తోలినవారికి బరువు సర్దుట నేను నేర్పవలసిన పని లేదు. ధాన్యపు బస్తాలు ఇరుసునకు వెనుక హెచ్చైనచో నొగ పైకి లేచి, మెడత్రాళ్లు ఎడ్ల గొంతులను బిగించును. ముందు హెచ్చైనచో కాడి మూపులను ఒరసి పుండ్లు చేయును. అందుచే బండివాడు నొగ నొకమాఱు ఎత్తి చూచి, ఒక బస్తాను జానెడు జరుపును. ఆ బండివాడే ట్రాక్టరునకు ట్రాలీ తగిలించినపుడు ఈ సంగతి మఱచుచున్నాడు!

రెండు చక్రముల ట్రాలీ తన భారములో కొంత ట్రాక్టరు కొక్కెముపై మోపును. కొక్కెము వెనుక ఇరుసునకు రెండడుగులు వెనుకగా నున్నదనియు, ట్రాక్టరు ఇరుసుల నడుమ ఆఱడుగుల దూరమనియు అనుకొందము. కొక్కెముపై 300 కిలోలు పడినచో ముందు చక్రములపై 100 కిలోలు తగ్గును. వెనుక చక్రములపై 400 హెచ్చును. ఇది చదును నేలపై లెక్క. నాగావళి గట్టు ఎక్కునపుడు ముందు భాగము మఱింత తేలును. నేలను గట్టిగా ఆనని చక్రము త్రిప్పిన వైపునకు తిరుగదు.

అమెరికాలో కారవానులను, అనగా ఇంటివలె వసతులుగల బండ్లను, కార్లతో లాగుదురు. బండి బరువులో నూటికి 10 మొదలు 15 పాళ్లు కొక్కెముపై నుంచుట అచ్చటి వాడుక. కారు వెనుక క్రుంగకుండ, కొక్కెమునుండి బండి చట్రమునకు స్ప్రింగు కమ్మీలు బిగింతురు. మన్ను మోయు ఒంటిచక్రపు బండి పిడులను ఎత్తినట్లు అవి పనిచేసి, భారములో కొంత కారు ముందు చక్రములకును, కొంత కారవాను చక్రములకును పంచును. ఐరోపాలో కొక్కెముపై 5 మొదలు 7 పాళ్లే యుంతురు. కావున అచ్చట ఈ కమ్మీలు అరుదు.

మనకవి కావలెనా? అక్కఱలేదని నా అభిప్రాయము. మెత్తని స్ప్రింగుల కారు బరువైన కారవానును లాగునపుడు అవి ఉపకరించును. ట్రాక్టరునకైతే ముందు ఇనుప దిమ్మలు తగిలించుట చాలును. వెనుక బరువు హెచ్చై, కొక్కెముపై భారము చాలని బండి ప్రక్కలకు ఊగును. వేగము పెరిగినకొలది ఆ ఊపు పెరుగును. కమ్మీలు బిగించినంత మాత్రమున ఆ దోషము పోదు. బస్తాలనే జరుపవలెను.

సాలూరునుండి సుంకి కనుమ దారి ఎక్కువారు దీనిని మఱింత గమనింపవలెను. బరువైన బస్తాలను ఇరుసుపైనను, దానికి కొంచెము ముందుగను పేర్చుడు. మొదట వెనుక బస్తాలనే దింపినచో కొక్కెముపై భారము హెచ్చును. ముందువే దింపినచో తగ్గును. కావున దింపునపుడును చూచుకొనవలెను. ఇక ట్రాలీలో మనుష్యుల నెక్కింపవలదు, పెండ్లివారినైనను సరే.