ఖాళీ సెల్లు ఎవరి చేతిలో పడుతుంది?

(పాతబస్తీలో ఒక బస్తీ మీటింగులో మాట్లాడిన మాటలు)



ఇవాళ సెల్లుల గురించి మాట్లాడదామంటే కొందరు నవ్వారు. భూమి గురించి, రిజర్వేషన్ల గురించి మాట్లాడే చోట ఈ గోడ గడియారం సెల్లు ముచ్చటేంది సార్ అన్నారు. వినండి.

మేం ఊళ్ళో చదువుకున్న రోజుల్లో పాత సెల్లు పారేసేవాళ్ళం కాదు. రాయితో పగలగొట్టి, లోపలి నల్లపొడి తీసి, దొండాకు పసరు కలిపి నల్లబల్లకు పూసేవాళ్ళం. నడుమ ఉండే బొగ్గుపుల్ల మాకు పెన్సిలు. ఆ పూత పని మాత్రం ఎప్పుడూ మా వాడ పిల్లలకే చెప్పేవాళ్ళు. చేతులు నల్లబడితే ఎవరికేం నష్టం? మా చేతులు ఎట్లాగూ ముట్టేవాళ్ళు కాదు గదా! అది మాంగనీసు పొడి అనీ, ఏళ్ళ తరబడి పీలిస్తే నరాలు దెబ్బతింటాయనీ డిగ్రీకి వచ్చాక గానీ తెలియలేదు.

ఆ చేతులే ఇవాళ చెత్త ఆటో మీద ఉన్నాయి. మనం రిమోటు సెల్లు, బొమ్మ సెల్లు, ఉబ్బిపోయిన ఫోన్ బ్యాటరీ అన్నీ అన్నం మెతుకులతో కలిపి బుట్టలో వేస్తాం. ఆటో మీది అక్క వాటిని చేత్తోనే వేరు చేస్తది. గ్లౌజులు ఇచ్చిన రోజు ఉంటాయి, చిరిగిన రోజు ఉండవు. కారిపోయిన ఆల్కలైన్ సెల్లులోది ఘాటైన క్షారం, చర్మం కాలుతుంది. లిథియం బ్యాటరీ బండిలో నలిగితే మంటే అంటుకుంటుంది. మిగిలింది జవహర్‌నగర్ గుట్టకు చేరుతుంది. అక్కడి చెత్త నుంచి కారిన నీళ్ళతో మల్కారం చెరువు ఏమైందో ఆ చుట్టుపక్కల వాళ్ళను అడగండి.

ఒక సంగతి గమనించండి. ఇన్వర్టర్ బ్యాటరీని ఎవరూ చెత్తలో వెయ్యరు. అందులో సీసం ఉంది, సీసానికి ధర ఉంది. పాతది ఇస్తే కొత్తదాని మీద తగ్గించాలని 2001లోనే రూల్సు వచ్చాయి. అయినా అందులో కొంత దొంగచాటు బట్టీలకే పోతుంది. అక్కడ పగలగొట్టేది, కరిగించేది ఎవరు? మన పిల్లలు, పక్క గల్లీ ముస్లిం పిల్లలు. సీసం పిల్లల మెదడును తింటుంది. మన పక్కనే ఉన్న కాటేదాన్ మట్టిలో సీసం, క్రోమియం మితిమీరి ఉన్నాయని ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్తలు 2008లో రాశారు.

చిన్న సెల్లుకు ధర లేదు. కబాడీవాలా కూడా తీసుకోడు. కాబట్టి చాలా ఏళ్ళు చట్టానికీ పట్టలేదు. 2022లో కొత్త బ్యాటరీ రూల్సు వచ్చాయి. సెల్లు అమ్ముకున్న కంపెనీయే దాన్ని వెనక్కి తీసుకోవాలి, రీసైక్లింగుకు పంపాలి. భూమిలో పూడ్చకూడదు, కాల్చకూడదు. సెల్లు మీద అడ్డగీత కొట్టిన చెత్తబుట్ట బొమ్మ ఉంటుంది చూడండి, అర్థం అదే. సరిగ్గా చేస్తే ఆ సెల్లులోంచి జింకు, మాంగనీసు, ఉక్కు మళ్ళీ పనికొస్తాయి. ఫోన్ బ్యాటరీలో అయితే కోబాల్టు, నికెలు. ఇంత సరుకు ఉంది, లాభమూ ఉంది. మరి మన గల్లీలో ఒక్క డబ్బా ఎందుకు పెట్టరు?

2015లో ఇంటింటికీ రెండు బుట్టలు ఇచ్చారు, తడికొకటి పొడికొకటి. ఆ మరుసటేడే వచ్చిన రూల్సు సెల్లులు, ట్యూబులైట్ల వంటి ప్రమాదకర చెత్తను మూడోదిగా వేరు చెయ్యమన్నాయి. ఆ మూడో బుట్ట మా ఇంటికి ఇంతవరకు రాలేదు.

ఇవాళ్టి సెల్లుల్లో పాదరసం చాలా తక్కువే, లేనిపోని భయం పెట్టం. అయితే గుండీ సెల్లు దగ్గర మాత్రం ఏమరుపాటు వద్దు. పిల్లవాడు మింగి అది గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే కాలుస్తుంది. తెల్లారేదాకా చూద్దామనుకోకుండా వెంటనే ఆస్పత్రికి ఉరకండి.

పాత సెల్లులు పొడి ప్లాస్టిక్ డబ్బాలో, పిల్లలకు అందకుండా పెట్టండి. ఫోన్ బ్యాటరీకి, గుండీ సెల్లుకు కొసల మీద టేపు అంటించండి. ఉబ్బినదాన్ని పొడవొద్దు, ఎండలో పెట్టొద్దు, విడిగా ఇసుకలో ఉంచండి. చెత్తకు నిప్పు పెట్టే అలవాటు మానాలి. గల్లీ చివర మంటలో సెల్లు పేలిన చప్పుడు మనందరం విన్నదే.

వచ్చే పక్షం మీటింగుకు మీ ఇంటి డబ్బా తెండి. అన్నీ కలిపి వార్డు ఆఫీసుకు తీసుకుపోయి బల్ల మీద పెట్టి, రసీదు రాయించుకుందాం. ఆటో మీది అక్కలను కూడా పిలిచాం. ముందు వాళ్ళే మాట్లాడతారు.