మాసాబ్ ట్యాంకులో ట్యాంకు ఏది?

(సేవాలాల్ మహరాజ్ జయంతి సందర్భంగా యువతీ యువకుల సభలో చేసిన ప్రసంగం)

 

పెద్దలు నాకిచ్చిన అంశం ‘మన సంస్కృతి, యువత పాత్ర’. పొద్దున్నుంచి ఆ మాట మీరు చాలాసార్లు విన్నారు. పైగా భోజనాలు కూడా అయ్యాయి, వెనక వరుసలో ఇద్దరు అప్పుడే కళ్లు మూస్తున్నారు. అందుకని ఉపన్యాసం పక్కన పెట్టి, మా హాస్టల్‌లో తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి నన్ను ఎట్లా ఇరుకున పెట్టిందో చెప్తాను.

ఒకసారి మా పిల్లల్ని హైదరాబాద్ తీసుకుపోయాను. మాసాబ్ ట్యాంకులో సంక్షేమ భవన్ ఆవరణలో గిరిజన మ్యూజియం ఉంది కదా, అది చూపించడానికి. బస్సు లకడీకాపూల్ దాటింది. లకడీ అంటే కట్టె, పూల్ అంటే వంతెన, ఒకప్పుడు ఇక్కడ కట్టె వంతెన ఉండేదట అని గొప్పగా చెప్పాను. అప్పుడు ఆ పిల్ల అడిగింది: “మరి మాసాబ్ ట్యాంకులో ట్యాంకు ఏది మేడం?”

నేను టీచర్ ట్రైనింగ్ చేసినదాన్ని. ట్రైనింగ్‌లో అన్నీ నేర్పారు గానీ, పిల్లల ముందు ‘నాకు తెలియదు’ అనడం మాత్రం నేర్పలేదు. ఏదో బిల్డింగు మీద నీళ్ల ట్యాంకు కనబడితే “అదిగో, అదే” అన్నాను. పిల్ల నమ్మింది. నమ్మి, నోట్‌బుక్‌లో రాసుకుంది. అదే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది.

తర్వాత ఆఫీసు పని మీద ఒక్కదాన్నే వెళ్లినప్పుడు ఒక పెద్దాయన ఆటో ఎక్కాను. ఆయన్ను అడిగితే నవ్వాడు. “ట్యాంకు ఏంటమ్మా, తలాబ్! మా సాహెబా తలాబ్” అన్నాడు. తలాబ్ అంటే చెరువు. ఇంగ్లీషు వాళ్లు మన చెరువును ట్యాంకు అనే రాసేవాళ్లు. ట్యాంక్ బండ్ అంటే చెరువుకట్ట, అంతే. మా సాహెబా అనే మాట నోళ్లల్లో నలిగి నలిగి మాసాబ్ అయింది. నేను ఇన్నేళ్లూ మాసాబ్ అంటే ఎవరో ఒక సాహెబు అనుకున్నాను. కాదు, అమ్మగారు! మన గోర్ బోలిలో చెప్పాలంటే యాడి.

ఆ అమ్మ ఎవరంటే హయత్ బక్షీ బేగం అని ఎక్కువమంది చెప్తారు. హైదరాబాద్ కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్ షా కూతురు, సుల్తాన్ మహమ్మద్ కుతుబ్ షా భార్య. 1626లో కొడుకు అబ్దుల్లా గద్దె ఎక్కేనాటికి ఇంకా చిన్నపిల్లవాడు. వెనక ఉండి రాజ్యం నడిపింది ఆమే. విజయవాడ రోడ్డు మీద మీరు రోజూ దాటే హయత్‌నగర్ కూడా ఆమె పేరే. చెరువు ఆమె అత్తగారు ఖానం ఆఘాది అనేవాళ్లూ ఉన్నారు. ఎవరి లెక్క తీసుకున్నా అది ఒక తల్లి పేరు మీది చెరువే. ఆ చెరువు నేల మీద ఇప్పుడు చాచా నెహ్రూ పార్కు ఉంది. నేను వెళ్లి ఒక బెంచీ మీద కూర్చున్నాను. పిల్లలు ఉయ్యాల ఊగుతున్నారు. బంజారాహిల్స్ రోడ్ నంబర్ 1 మీద నిలబడి మాసాబ్ ట్యాంకు వైపు చూడండి, దారి కిందికి దిగుతుంది. కొండ మీద పడ్డ వాన ఎటు పోతుందో చెప్పడానికి ఇంజనీరు అక్కర్లేదు. చెరువు పోయింది గానీ వాలు పోలేదు.

హాస్టల్‌కి వచ్చి స్టడీ అవర్‌లో అందరి ముందూ చెప్పాను, ఆ రోజు నేను చెప్పింది తప్పు అని. ఆ పిల్ల నోట్‌బుక్ తెచ్చి, పాత వాక్యం కొట్టేసి, కొత్తది రాసింది. రాసి, తల ఎత్తి ఇంకోటి అడిగింది.

“మరి బంజారాహిల్స్‌లో మన తండా ఏది మేడం?”

దీనికి మాత్రం వెంటనే ‘తెలియదు’ అన్నాను. ఒక్కసారి బుద్ధి వచ్చింది కదా.

తండా అంటే ఇప్పుడు మనకు ఇళ్లున్న ఊరు. కానీ మొదట ఆ మాటకు అర్థం కదిలే బిడారు. మన తాతముత్తాతలు ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు వేసుకుని ఊళ్లకూ, సైన్యాలకూ చేరవేసేవాళ్లు. దాన్నే లదేణి అన్నాం. గడ్డీ నీళ్లూ ఉన్న చోట దిగేవాళ్లు. నగరం బయట రాళ్లకొండలు అట్లాంటి చోటే. తర్వాత బండిబాటలు పెరిగాయి, 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు వచ్చింది. ఎద్దు మోసే సరుకు రైలు మోసింది. లదేణి పోయింది. కొండల మీద మనవాళ్లు ఉన్నందుకు వాటికి బంజారా పేరు మిగిలింది. 1930ల్లో మెహదీ నవాజ్ జంగ్ అక్కడి బండలను పగలగొట్టకుండా వాటిని కలుపుకునే ఇల్లు కట్టుకుని, దానికి బంజారా భవన్ అని పేరు పెట్టుకున్నాడు. 1933లో హైదరాబాద్ వచ్చిన రవీంద్రనాథ్ ఠాగూర్ ఆ కొండల మీద కవిత కూడా రాశాడు. ఆ తర్వాత ఏమైందో మీకు తెలుసు. ఇవాళ అక్కడ గజం ధర అడగడానికి కూడా మనకు ధైర్యం చాలదు. రోడ్ నంబర్ 10లో 2022 సెప్టెంబర్ 17న సేవాలాల్ పేరుతో బంజారా భవన్, పక్కనే కుమ్రం భీం పేరుతో ఆదివాసీ భవన్ ప్రారంభించారు. సంతోషమే. అయినా ఆ పిల్ల అడిగింది భవనం గురించి కాదు కదా.

హైదరాబాద్‌కు పాత పటాలున్నాయి. 1912 నుంచి 1915 దాకా లియోనార్డ్ మన్ అనే ఆయన చేయించిన మున్సిపల్ సర్వేలో సందులు, బావులు కూడా గీశారు. మన తండాలకు అట్లాంటిది ఎవరు గీస్తారు? ఇది అడిగింది పిల్ల కాదు, నేనే. ఆ వారం మా తండాకు పోయాను.

మా తండాలో భవానీ గుడి వెనక ఒక గల్లీ ఉంది. మోటబాయి గల్లీ అంటారు. ఇప్పుడంతా సిమెంటు రోడ్డు. ఇంటర్ చదివే పిల్లవాణ్ణి ఆపి, ఆ పేరు ఎందుకొచ్చింది అంటే, “మోటరు బాయి ఉండెనట అక్కా” అన్నాడు. నేను బిల్డింగు మీది ట్యాంకు చూపించినట్టే! మోట వేరు, మోటరు వేరు నాయనా. ఎద్దులు తాడు లాగితే బావిలోంచి పెద్ద బొక్కెన పైకి వచ్చేది, అది మోట.

మా యాడికి డెబ్బై దాటాయి. ఈ మధ్య నా పేరు కూడా ఒక్కోసారి మా చెల్లెలి పేరుతో కలిపేస్తుంది. చేయి పట్టుకుని గల్లీలోకి తీసుకుపోయాను. బావి ఎక్కడ అని అడిగితే ఆలోచించలేదు, నేరుగా నడిచి వెళ్లి ఒక బండి పార్కు చేసిన చోట ఆగింది. “ఇక్కడ” అంది. తర్వాత కట్టెతో గల్లీ పొడుగునా గీత గీసినట్టు చూపించి, “ఎద్దులు ఇట్ల దిగేవి” అంది.

అప్పుడు నాకు తట్టింది. ఆ గల్లీ మొదట ఎత్తుగా ఉండి చివరికి పల్లంగా ఎందుకు ఉంటుందో చిన్నప్పటి నుంచి నేనెప్పుడూ అడగలేదు. మోట లాగే ఎద్దులు వాలు మీద కిందికి దిగుతూ లాగుతాయి. మేం స్కూలుకు పరిగెత్తిన దారి, వాన పడితే జారిపడ్డ దారి, ఎద్దుల బాట! సిమెంటు వేసిన కాంట్రాక్టరు బావిని పూడ్చగలిగాడు, వాలును ఉన్నది ఉన్నట్టే కప్పేశాడు.

మీకు పనికొచ్చే మాట ఒకటి చెప్తాను. తహసీల్దారు ఆఫీసులో గ్రామ నక్షా అడగండి. 1954-55 ఖాస్రా పహాణీ అడగండి. అందులో ‘శిఖం’ అని ఉంటే అది చెరువు నేల, ఇప్పుడు దాని మీద ఏమున్నా సరే. భూమికి నీళ్లు దేని నుంచి వచ్చేవో కూడా పహాణీలో ఉంటుంది. కాగితానికి ఒకటి రెండుసార్లు తిరగాల్సి రావచ్చు, తిరగండి. కానీ ముందు ఇంట్లో ముసలివాళ్లను అడగండి, గోర్ బోలిలోనే అడగండి. మా యాడిని తెలుగులో అడిగితే ‘ఏమో’ అంది. మన మాటలో అడిగితేనే కాళ్లు కదిలాయి.

2018లో 500 జనాభా దాటిన తండాలు గ్రామపంచాయతీలయ్యాయి, మాది కూడా. మన సర్పంచి, మన వార్డు మెంబర్లు. మంచిదే, దానికోసం మనమే కొట్లాడాం. ఇప్పుడు గల్లీలకు బోర్డులు పెడుతున్నారు. మోటబాయి గల్లీకి ‘వీధి నంబర్ 3’ అని రాయాలని అనుకుంటున్నారు. బోర్డు మీద పాత పేరే ఉంచాలని మేం ఒక అర్జీ రాశాం. ఇంటర్ పిల్లవాడు రాశాడు, చేతిరాత బాగుంటుందని. వచ్చే గ్రామసభలో చదువుతారు. మొదటి సంతకం యాడి చేత పెట్టిద్దామనుకున్నాను. ఆమెకు సంతకం రాదు. వేలిముద్ర వేసి, ఆ వేలు చీరకు తుడుచుకుంది.

రామ్ రామ్.