మిరియాలతో కట్టిన మఠం
(ఉద్యోగుల కుటుంబ సమ్మేళనంలో ఒక విశ్రాంత అధికారి చేసిన ప్రసంగ పాఠం)



పోర్చుగల్ చూసొచ్చారు కదా, వెళ్ళాలనుకునేవాళ్ళకి పనికొచ్చే నాలుగు మాటలు చెప్పండి అన్నారు. నిజానికి మా ప్రయాణం ముప్పై ఏళ్ళ కిందట కొచ్చిలో మొదలైంది. అప్పుడు నేను అక్కడి బ్రాంచిలో పనిచేసేవాణ్ణి. ఆదివారం వస్తే మా ఆవిడా నేనూ ఫోర్ట్ కొచ్చి వెళ్ళేవాళ్ళం. అక్కడ సెయింట్ ఫ్రాన్సిస్ చర్చిలో ఒక ఖాళీ సమాధి ఉంది. వాస్కోడగామా 1524లో కొచ్చిలోనే చనిపోయాడు. ముందు ఆ చర్చిలోనే పూడ్చారు. 1539లో అవశేషాల్ని వాళ్ళ దేశానికి తీసుకుపోయారు. "మరి ఇప్పుడాయన ఎక్కడున్నట్టు?" అని మా ఆవిడ అడిగింది. ఆ జవాబు కళ్ళారా చూడడం రిటైరయ్యాక గానీ కుదరలేదు.

ముందు అవసరమైన సంగతులు. కావలసింది షెంజెన్ వీసా. వైద్య ఖర్చులకు కనీసం 30,000 యూరోల బీమా ఉండాలి. లిస్బన్ కొండల మీద కట్టిన ఊరు. వీధులన్నీ నున్నటి రాళ్ళు పరిచినవే, వాన పడితే జారతాయి. మంచి బూట్లు తీసుకెళ్ళండి. 28వ నంబరు ట్రాము సరదాగా ఉంటుంది, కానీ జేబుదొంగలకూ అదంటే ఇష్టమే. హోటల్లో కూర్చోగానే మీరు అడక్కుండానే రొట్టె, ఆలివ్ కాయలు తెచ్చి పెడతారు. అది మర్యాద కాదు, తింటే బిల్లులో వేస్తారు. వద్దంటే తీసుకుపోతారు, ఏమీ అనుకోరు. ఆకుకూర సూపని తెచ్చినదాంట్లో మాంసం ముక్క తేలవచ్చు కాబట్టి శాకాహారులు ముందే అడగాలి. రొట్టెను వాళ్ళు పావ్ అంటారు. మన పావ్ భాజీలో పావ్ అదే. మన ఇళ్ళలోని అల్మారా, ఇల్లు కట్టే మేస్త్రీ కూడా వాళ్ళ భాష నుంచి వచ్చిన మాటలే.

తేజో నది ఒడ్డున బెలేం అనే పేటలో జెరోనిమోస్ మఠం ఉంది. సోమవారం మూసేస్తారు, గుర్తుపెట్టుకోండి. రాతిలో ఓడ తాళ్ళు కూడా చెక్కారు. 1500 తర్వాత మాన్యుయెల్ రాజు దీన్ని మొదలుపెట్టాడు. డబ్బెక్కడిదంటే, ఆఫ్రికా, ఆసియా వ్యాపారం మీద నూటికి సుమారు ఐదు చొప్పున వసూలు చేసిన పన్ను. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరులోనే మిరియాలు ఉన్నాయి. మన మలబారు మిరియాలే ఆ గోడల్లో రాళ్ళయ్యాయన్నమాట.

చర్చి ద్వారం దాటగానే గామా సమాధి. చుట్టూ జనం ఫోటోలు తీసుకుంటున్నారు. మా ఆవిడ మెల్లగా, "ఏవండీ, దణ్ణం పెట్టాలా?" అంది. నవ్వొచ్చింది గానీ, జవాబు రాలేదు.

మనం బ్యాంకువాళ్ళం. ఒక వైపు మాత్రమే చూసి ఖాతా సరిపోయిందనం. జమ వైపు చూస్తే, 1498లో ఆయన కాలికట్ చేరాడు. సముద్రం మీదుగా యూరప్ నుంచి భారతదేశానికి దారి తేలింది. తర్వాత పోర్చుగీసువాళ్ళు అమెరికా ఖండం నుంచి మిరప, జీడిమామిడి మన దేశానికి తెచ్చారు. గుంటూరు మిర్చి యార్డు, పలాస జీడిపప్పు ఆ దారిన వచ్చినవే. ఖర్చు వైపు చూస్తే, అదే గామా 1502లో మక్కా నుంచి తిరిగొస్తున్న యాత్రికుల ఓడను తగలబెట్టించాడు. అందులో ఆడవాళ్ళు, పిల్లలు కూడా ఉన్నారు. దక్షిణాన లాగోష్ అనే రేవులో 1444లోనే ఆఫ్రికా మనుషుల్ని దించి పంచుకున్నారు. ఇప్పుడక్కడ బానిస వ్యాపారం గురించి మ్యూజియం పెట్టారు. 1510లో పట్టుకున్న గోవాను 1961 డిసెంబరులో మన సైన్యం వెళ్ళేదాకా వదల్లేదు.

మర్నాడు కొండ మీది కార్మో చర్చికి వెళ్ళాం. దానికి కప్పు లేదు. 1755 నవంబరు 1న, పండుగ రోజు పొద్దున, భూకంపం, ఉప్పెన, మంటలు ఒకదాని వెంట ఒకటి లిస్బన్‌ను నాశనం చేశాయి. ఊరు మళ్ళీ కట్టుకున్నారు గానీ, ఈ చర్చి కప్పు అలాగే వదిలేశారు. కింద నిలబడితే స్తంభాల మధ్య ఆకాశం కనిపిస్తుంది.

ఆ చర్చి ముందున్న చిన్న చౌకులోనే 1974 ఏప్రిల్ 25న ఇంకో సంగతి జరిగింది. 48 ఏళ్ళ నియంతృత్వం అక్కడ లొంగిపోయింది. తిరగబడినవాళ్ళు సైనికులే. అంగోలా, మొజాంబిక్, గినియాల్లో పదమూడేళ్ళుగా వలసల కోసం యుద్ధాలు చేసి విసిగినవాళ్ళు. జనం వాళ్ళ తుపాకీ గొట్టాల్లో ఎర్రటి కార్నేషన్ పూలు గుచ్చారు. రెండేళ్ళలోపే ఆఫ్రికా వలసలన్నీ స్వతంత్రమయ్యాయి. గోవా భారతదేశానిదేనని పోర్చుగల్ ఒప్పుకున్నదీ ఆ ఏడాది చివర్లోనే.

ఇదంతా నేను చదివి వినిపిస్తుంటే మా ఆవిడ చౌకులో చెట్టు కింద బెంచీ మీద కూర్చుని విన్నది. లేచేముందు ఆ చౌకు వైపు తిరిగి చేతులు జోడించింది. "నిన్నటి ప్రశ్నకు జవాబు ఇదండీ" అంది.

మీరు వెళితే బెలేం తప్పక చూడండి. కానీ అక్కడితో ఆగి వచ్చేయకండి. పిల్లల్ని వెంటబెట్టుకుని కార్మో కొండ కూడా ఎక్కండి. సెలవు.